ఒక కొలత తక్కువైన స్థూపం

కొత్త జిల్లాలు ఏర్పడిన తర్వాత వచ్చిన రెండో వేసవిలో నాకు ఒక అదనపు పని అప్పగించారు. అప్పుడు నేను జనగామ దగ్గర ఒక ఉన్నత పాఠశాలలో గణితం స్కూల్ అసిస్టెంటుని. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి మూడూ అంతకుముందు ఒకే జిల్లాలో ఉండేవి. జిల్లాలు విడిపోయినా లెక్కల టీచర్ల మధ్య రాకపోకలు మాత్రం విడిపోలేదు. ఆ స్నేహంతోనే మూడు జిల్లాల పిల్లలకు కలిపి ఒక గణిత ప్రతిభా పరీక్ష పెట్టాం. పదో తరగతి రాసిన సర్కారు బడి పిల్లల్లో మంచి ర్యాంకు వచ్చిన కొద్దిమందికి హైదరాబాదులో ఒక ట్రస్టు తన కాలేజీలో ఇంటర్మీడియట్ చదువు, హాస్టలు ఉచితంగా ఇస్తానన్నది. ఆ పేపర్ల దిద్దుబాటుకు నన్ను చీఫ్ ఎగ్జామినర్‌గా వేశారు.

ఈ పని ఎలా జరుగుతుందో చాలామందికి తెలియదు కాబట్టి కొంచెం చెప్తాను. పరీక్ష అయ్యాక జవాబు పత్రం మీద పేరూ, హాల్‌టికెట్ నంబరూ ఉన్న భాగం చింపేసి, లోపల ఒక కోడ్ నంబరు వేస్తారు. ఏ పేపరు ఎవరిదో దిద్దే వాళ్లకు తెలియకూడదు. అసిస్టెంట్ ఎగ్జామినర్లు ఎర్ర సిరాతో దిద్దుతారు. వాళ్లు దిద్దిన కట్టల్లోంచి కొన్ని తీసి చీఫ్ ఎగ్జామినర్ ఆకుపచ్చ సిరాతో మళ్లీ చూస్తుంది. అందరి చేతిలో ‘కీ’ ఉంటుంది. అంటే ఏ మెట్టుకు ఎన్ని మార్కులు, చివరి జవాబు ఎంత అనేది ముందే రాసి ఇచ్చిన పత్రం. కీ దాటి మార్కులు వేసే హక్కు దిద్దేవాళ్లకు లేదు. అది మంచి నియమమే. లేకపోతే ఒకరికి నచ్చిన జవాబు ఇంకొకరికి నచ్చదు, పిల్లల బతుకు మన ఇష్టాయిష్టాల మీద పడుతుంది.

ప్రశ్నపత్రం, కీ రెండూ తయారు చేసింది సాంబయ్య సారు. మహబూబాబాద్ జిల్లాలో సీనియర్ టీచరు, నాకంటే ముందు తరం. ఆయన దగ్గర లెక్కలు నేర్చుకొని టీచర్లయిన వాళ్లే మా గదిలో సగం మంది ఉన్నారు. మనిషి మాట కరుకు, లెక్క మాత్రం మెత్తగా చెప్తాడు.

మొదటి రోజు మధ్యాహ్నం భోజనాలు అయ్యాక మరిపెడ నుంచి వచ్చిన యాకయ్య అనే చిన్న వయసు టీచరు ఒక పేపరు పట్టుకొని నా బల్ల దగ్గరికి వచ్చాడు.

“మేడం, గిదొక్కటి జర చూస్తరా? రెండు జవాబులు రాసి ఏదీ తేల్చలే, కీ ప్రకారం సున్నా వేసిన. మనసు ఒప్పుతలేదు.”

ఆ ప్రశ్న అయిదు మార్కులది. అచ్చులో ఇలా ఉంది: ఒక స్థూపం సంపూర్ణతల వైశాల్యం 924 చదరపు సెంటీమీటర్లు. దాని ఘనపరిమాణం కనుక్కోండి. కీలో జవాబు 2156 ఘనపు సెంటీమీటర్లు.

యాకయ్య తెచ్చిన పేపర్లో ఆ ఒక్క లెక్కకే ఒక పేజీ నిండా రాసి ఉంది. అక్షరాలు చిన్నవి, కొట్టివేతలు తక్కువ. ముందు సూత్రం రాసి, దాన్ని తగ్గించి, వ్యాసార్థాన్ని వ్యాసార్థమూ ఎత్తూ కలిపిన మొత్తంతో గుణిస్తే 147 రావాలి అని తేల్చారు. తర్వాత వ్యాసార్థం 7, ఎత్తు 14 తీసుకొని ఘనపరిమాణం 2156 అని చేశారు. అక్కడితో ఆగలేదు. దాని కిందనే వ్యాసార్థం 10.5, ఎత్తు 3.5 తీసుకొని 1212.75 అని చేశారు. చివర రెండు వాక్యాలు: ‘రెండు స్థూపాలకూ వైశాల్యం 924 వచ్చింది, ఘనపరిమాణాలు వేరు. ఇంకొక కొలత ఇవ్వాలి.’

నేను ఆ పేజీని రెండు సార్లు చదివాను. తర్వాత ప్రశ్నపత్రం తీసి చదివాను.

లెక్కలు వదిలేసి చాలా ఏళ్లయిన వాళ్ల కోసం విషయం విడమరిచి చెప్తాను. 924 చదరపు సెంటీమీటర్ల రేకు ఇచ్చి, పైమూత అడుగుమూతతో సహా ఒక గుండ్రటి డబ్బా చేయమన్నారనుకోండి, లెక్కల్లో స్థూపమంటే అదే. సన్నగా పొడుగ్గా చేయొచ్చు. వెడల్పుగా పొట్టిగా చేయొచ్చు. రేకు అంతే పడుతుంది, లోపల పట్టే బియ్యం మాత్రం మారుతుంది. రేకుతో పాటు వ్యాసార్థం కూడా చెప్తే పని సులువు. మొత్తం రేకులోంచి రెండు మూతల రేకు తీసేస్తే చుట్టూ ఉన్న గోడ మిగులుతుంది. ఆ గోడ వైశాల్యాన్ని వ్యాసార్థంలో సగంతో గుణిస్తే లోపలి ఘనపరిమాణం వస్తుంది. ఉపరితలం నుంచి ఘనపరిమాణానికి దారి ఉంది. కానీ ఆ దారిలో అడుగు పెట్టాలంటే ఇంకొక కొలత చేతిలో ఉండాలి.

సాంబయ్య సారు పక్క గదిలో ఉన్నాడు. పేపరు చూపించకుండా ప్రశ్న మాత్రమే అడిగాను. “సార్, ఈ లెక్కలో వ్యాసార్థం ఎట్ల వస్తది?”

“ఎత్తు, వ్యాసం సమానమని ఇచ్చిన గద. ఎత్తు రెండు ఆర్. తీసి పెడితే ఏడు రాదా?” అన్నాడు.

ప్రశ్నపత్రం ఆయన ముందు పెట్టాను. కళ్లజోడు తీసి తుడుచుకొని మళ్లీ పెట్టుకున్నాడు. ఎత్తూ వ్యాసం సమానమనే వాక్యం డీటీపీలో జారిపోయింది. ప్రూఫు చూసింది ఆయనే. ఆ వాక్యం ఆయన తలలో ఉంది కాబట్టి కాగితం మీద లేదన్న సంగతి కంటికి తగల్లేదు. ప్రశ్నను వేలు పెట్టి మళ్లీ చదివాడు. తర్వాత అన్నాడు, “మరి పిల్లలకు 2156 ఎట్ల వచ్చింది?”

అదే అసలు ప్రశ్న. చాలామంది పిల్లలకు కీలో ఉన్న జవాబే వచ్చింది. దిద్దిన కట్టలు తిరగేసి చూశాం. అందరిదీ ఒకటే దారి. వ్యాసార్థం 7 అని ఎక్కడి నుంచో దిగింది, ఎత్తు 14 వచ్చింది, ఘనపరిమాణం 2156. పై (π) విలువ ఇరవై రెండు బై ఏడు కదా, కింది ఏడు కొట్టేయాలంటే వ్యాసార్థం ఏడు పెట్టాలి. ఏళ్ల తరబడి మేం ఇచ్చిన లెక్కలన్నిట్లో ఏడో, దాని రెట్టో ఉండటంతో పిల్లలకు అది అలవాటైపోయింది. ఆ ఏడు పెట్టిన వాళ్లకు అయిదుకు అయిదు పడ్డాయి. ఏడు ఎవరిచ్చారని అడిగిన ఒక్కరికి సున్నా పడింది.

సాయంత్రం కన్వీనర్ గారి గదిలో కూర్చున్నాం. ఆయన ఒక సీనియర్ హెడ్మాస్టరు, నెమ్మది మనిషి. యాకయ్య అందరికీ అయిదు మార్కులు కలపమన్నాడు. సాంబయ్య సారు ప్రశ్న మొత్తం తీసేయమన్నాడు. తప్పు జరిగినప్పుడు సాధారణంగా చేసేవి ఈ రెండే. రెండూ చూడటానికి న్యాయంగా ఉంటాయి.

నేను ఆ కోడ్ నంబరు పేపరు చివరి పేజీ తీసి ముందు పెట్టాను. చివరి లెక్క సగంలో ఆగిపోయింది. మొదలుపెట్టిన తీరు సరిగ్గానే ఉంది, సమయం చాల్లేదు. ఆ సమయం ఎక్కడ పోయిందో అందరికీ అర్థమైంది. ప్రశ్న తీసేసినా, అందరికీ సమానంగా కలిపినా, పేపర్లో ఉన్న తప్పును పట్టుకున్నందుకు ఆ పేపరు రాసినవాళ్లు చివరి లెక్క పోగొట్టుకోవాల్సిందే. మిగతావాళ్లకు ఆ నష్టం లేదు. ఆ మాటే చెప్పాను.

సాంబయ్య సారు ఒప్పుకోలేదు. “స్వరూపా, ఏడు పెట్టిన పోరగాండ్లు ఏం పాపం చేసిండ్రు? అడిగిన దానికి జవాబు తెచ్చిండ్రు. లెక్క తప్పుంటదని పరీక్షల కూసొని ఎవడు అనుకుంటడు?” అన్నాడు నాతో. ఆ మాటలోనూ న్యాయం ఉంది.

చీకటి పడే ముందు కన్వీనర్ గారు ఒక నిర్ణయానికి వచ్చారు. కొలత చాలదని రుజువు చేసిన వాళ్లకు పూర్తి మార్కులు. ‘వ్యాసార్థం 7 అనుకొందాం’ అని రాసి చేసిన వాళ్లకూ పూర్తి మార్కులు, ఎందుకంటే తాము ఊహించామని వాళ్లు దాచలేదు. ఏ మాటా లేకుండా 7 దింపి చేసిన వాళ్లకు మూడు. కీ మార్చి, అందరి సంతకాలు పెట్టి, ఆ ప్రశ్న వరకు అన్ని పేపర్లూ మళ్లీ దిద్దాం.

మొత్తాలు వేసి చూస్తే ఇద్దరికి సమానంగా మార్కులు వచ్చాయి. సీటు చూస్తే ఒక్కటే మిగిలింది. ఆ రెండింటిలో ఒకటి యాకయ్య తెచ్చిన పేపరు. రెండోది ఏ మాటా రాయకుండా ఏడు పెట్టి, ఈ లెక్కలో రెండు మార్కులు కోల్పోయిన పేపరు. సమానంగా వస్తే మౌఖిక పరీక్ష పెట్టాలని మా నియమాల్లో ముందే ఉంది. కోడ్ విప్పి పేర్లు చూశాం. ఒకరు కేసముద్రం దగ్గరి ఊరి అమ్మాయి ఎస్తేరు, తండ్రి మార్కెట్ యార్డులో హమాలీ. ఇంకొకరు భూపాలపల్లి అబ్బాయి వంశీ, తండ్రి కొమురయ్య బొగ్గుబాయిలో పనిచేస్తాడు.

వారం తర్వాత ఇద్దరూ జనగామ వచ్చారు. ఎస్తేరు తల్లితో రైల్లో వచ్చింది. వంశీ, తండ్రి తెల్లవారుజామునే బస్సెక్కి హనుమకొండలో మారి వచ్చారు. ఖాళీ తరగతి గదిలో నల్లబల్ల ముందు కన్వీనర్ గారూ, నేనూ, సాంబయ్య సారూ కూర్చున్నాం. ఇద్దరినీ విడివిడిగా పిలవాలని నేను అనుకున్నాను. సాంబయ్య సారు ఒకేసారి పిలుద్దామన్నాడు. విడిగానే పిలవాలని నియమాల్లో లేదు, ఒప్పుకున్నాం.

పిల్లలు లోపలికి రాగానే ఆయన లేచి నిలబడ్డాడు. “గా స్థూపం లెక్క పెట్టింది నేనే. అచ్చుల ఒక వాక్యం పోయింది. పోయిందని నేను చూసుకోలే. మీరు భయపడకుండ్రి” అన్నాడు. పిల్లల ముందు సాంబయ్య సారు అలా మాట్లాడటం నేను అంతకుముందు చూడలేదు.

మొదట వంశీని అడిగాడు, ఏడు ఎక్కడిదని. ఆ పిల్లవాడు దాచలేదు. “ఇరవై రెండు బై ఏడు ఉన్నది గద సార్. ఏడు పెడితె ఏడుకు ఏడు కొట్టుకపోతది. ఎత్తు సుత చక్కగ పద్నాలుగు వచ్చింది. గందుకె గదే అనుకున్న.”

తర్వాత ఎస్తేరు వంక తిరిగాడు. ఆ పిల్ల గొంతు ముందు బెంచీ దాకా కూడా రాలేదు. కన్వీనర్ గారు దగ్గరికి పిలిచి మళ్లీ చెప్పమన్నారు.

“నేను సుత మొదలు ఏడే పెట్టిన సార్. 2156 వచ్చింది. గని ఏడు ఎవలిచ్చిండ్రు అనిపించింది. పదిన్నర పెట్టి చూసిన. గదీ సరిపోయింది.”

“2156 వచ్చింది గద. గదే రాసి ముందటికి పోతె అయిపోయేది. చివరి లెక్క కూడ అయ్యేది” అన్నాను నేను.

“రెండోది తప్పు అని ఎట్ల రాయాలె మేడం? గదీ కరక్టే ఉన్నది” అన్నది.

సాంబయ్య సారు రెండు స్థూపాల కొలతలూ నల్లబల్ల మీద రాయించాడు. ఏడు, పద్నాలుగు, 2156. పదిన్నర, మూడున్నర, 1212.75. మా దృష్టిలో పరీక్ష అక్కడికి అయిపోయినట్టే. వంశీ మాత్రం బల్లను చూస్తూ నిలబడ్డాడు. కాసేపయ్యాక సుద్దముక్క అడిగాడు.

“సార్, ఇంకోటి పెట్టి చూడనా?”

వ్యాసార్థం 3 పెట్టాడు, ఎత్తు 46 వచ్చింది. ఘనపరిమాణం పదమూడు వందల చిల్లర. తర్వాత 6 పెట్టాడు, 2093 చిల్లర. 8 పెట్టాడు, 2086 చిల్లర. మధ్యలో ఒక గుణకారం తప్పు చేస్తే ఎస్తేరు పక్కనుంచి మెల్లగా సరిదిద్దింది. అతను చెరిపి మళ్లీ రాశాడు.

“అన్నిట్ల ఏడుదే పెద్దగున్నది సార్” అన్నాడు.

ఎస్తేరు బల్ల దగ్గరికి నడిచి ఏడూ పద్నాలుగూ ఉన్న వరుస మీద వేలు పెట్టింది. “దీనికొక్క దానికే ఎత్తు, అడ్డం సమానమున్నయి. పద్నాలుగు, పద్నాలుగు. గందుకేనా సార్?”

అందుకే. ఒకే రేకుతో మూతలున్న గుండ్రటి డబ్బా చేస్తే, ఎత్తు వ్యాసంతో సమానమైనప్పుడే అది అన్నిటికంటే ఎక్కువ పట్టుకుంటుంది. దాన్ని రుజువు చేయడానికి కలన గణితం కావాలి, అది ఇంటర్లో వస్తుంది. పదో తరగతి పిల్లలిద్దరు సుద్దముక్కతో, గుణకారాలతో అక్కడిదాకా వచ్చారు. అచ్చులో జారిపోయిన వాక్యాన్ని వాళ్లిద్దరూ కలిసి బల్ల మీద తిరిగి రాసినట్టే అయింది.

పిల్లలను బయటికి పంపి, ముగ్గురం విడివిడిగా మార్కులు వేసి కలిపాం. నేను ఎస్తేరుకు ఎక్కువ వేశాను, ఎందుకంటే పరీక్ష రోజున, ఎవరూ పక్కన లేనప్పుడు, అడగాల్సిన ప్రశ్న ఆమె అడిగింది. సాంబయ్య సారు వంశీకి ఎక్కువ వేశాడు. జవాబు ఉన్నా ఆగకుండా ముందుకు పోయిన వాడు అతనే అన్నాడు. కన్వీనర్ గారి మార్కులతో ఎస్తేరు ఒక్క మార్కు ముందు నిలిచింది. ఇంకొక సీటు ఇవ్వగలరా అని ట్రస్టుకు అక్కడినుంచే ఫోన్ చేశాం. వాళ్లు మర్యాదగానే మాట్లాడారు గానీ సీటు లేదన్నారు.

ఫలితం, మార్కుల వివరం చెప్పే పని చీఫ్ ఎగ్జామినర్‌గా నాది. ఎస్తేరు తల్లి నా చేతులు పట్టుకుంది, రైలు టైమవుతుందని బిడ్డను తీసుకొని పోయింది. వరండాలో కొమురయ్య, వంశీ మిగిలారు. వంశీ స్తంభానికి ఆనుకొని కింద చూస్తున్నాడు. కొమురయ్య నెమ్మదిగా అడిగాడు.

“మా పోరడు తప్పు రాసిండా మేడం?”

“తప్పు రాయలేదు కొమురయ్యా. ప్రశ్నలోనే తప్పుంది.”

“మరి వీనికి రెండు మార్కులు ఎందుకు కోసిండ్రు?”

ఏడు తాను అనుకున్నదని రాయలేదు కాబట్టి అన్నాను. ఆయన తల ఊపాడు. మళ్లీ అడిగాడు, కోపం లేకుండా, తెలుసుకోవాలన్నట్టు.

“తప్పు రాస్తె పిల్లలకు మార్కులు కోస్తరు. ప్రశ్నకు ఎవలు కోస్తరు మేడం?”

వెనక తలుపు దగ్గర సాంబయ్య సారు నిలబడి ఉన్నాడు. ఆయన ముందుకు వచ్చి, “నాకు కొయ్యాలె. కోసేటోళ్లే లేరు” అన్నాడు. తండ్రీ కొడుకులను బస్టాండు దాకా తానే తీసుకెళ్లాడు. దారిలో ఏం మాట్లాడుకున్నారో నేను అడగలేదు.

వంశీ భూపాలపల్లిలోనే సర్కారు కాలేజీలో ఎంపీసీ చదివాడు. తర్వాత ఇంజనీరింగులో సీటు వచ్చిందని సాంబయ్య సారు ఒకసారి చెప్పాడు. ఎస్తేరు డిగ్రీలో గణితమే తీసుకుంది. ఇద్దరూ తమ చదువుతోనే పైకి వచ్చారు. మేం ఇచ్చిన సీటు వల్ల ఒకరు, ఇవ్వని సీటు వల్ల ఇంకొకరు అలా అయ్యారని చెప్పడానికి ఆధారం లేదు, చెప్పను కూడా.

సాంబయ్య సారు ఆ తర్వాత ప్రశ్నపత్రాలు చేయడం మానలేదు. మానితే సులువయ్యేది, కానీ మంచి లెక్కలు పెట్టేవాళ్లు తక్కువ. పద్ధతి మాత్రం మార్చాం. ఆ మరుసటి ఏడాది నుంచి, కీ చూడని టీచరు ఒకరు అచ్చయిన ప్రశ్నపత్రాన్ని పిల్లవాడిలా కూర్చొని మొత్తం రాయాలి. ఏ కొలతైనా చాలకపోతే అక్కడ ఆగాలి, ఊహించి ముందుకు పోకూడదు. ఆ జవాబులు కీతో సరిపోలిన తర్వాతే పేపర్లు కట్ట కట్టాలి. మొదటి రెండేళ్లు ఆ పని యాకయ్య చేశాడు, రెండో ఏడాది ఒక ప్రశ్న దగ్గర ఆగాడు కూడా.

రిటైర్ అయ్యేదాకా నేను చాలా దిద్దుబాటు క్యాంపుల్లో కూర్చున్నాను. కీ జవాబును కొలుస్తుంది. ప్రశ్నను కొలవదు. ప్రశ్నను కొలిచే పని దాన్ని పెట్టినవాళ్లదే, అది పిల్లల చేతికి పోకముందే అయిపోవాలి. పిల్లల దగ్గరికి చేరిన తర్వాత దాన్ని ఎంత సరిచేసినా, ఆ ఖర్చు వాళ్లలో ఎవరో ఒకరి మీద పడుతుంది.